పై గీత దాటాక

నేను ఒక ఉక్కు బద్దను. పొడవు మూరెడు, వెడల్పు చిటికెన వేలి గోరంత. తలకి పసుపుపచ్చ ప్లాస్టిక్ రింగు, కాళ్ల దగ్గర రెండు గీతలు. కారు ఇంజనులో ఆయిల్ ఎంతుందో చెప్పడం నా పని. కింది గీత దగ్గరుంటే తక్కువైందని, పై గీత దాకా ఉంటే సరిపోయిందని. అంతకు మించి నాకు మాటలు రావు.

కారు కొనేవాళ్లు రంగు చూస్తారు, సీట్లు నొక్కుతారు, తలుపు వేసి ఆ చప్పుడు వింటారు. నన్ను ఎవరూ అడగరు. ఎప్పుడో ఒకడు బానెట్ ఎత్తి నన్ను బయటికి లాగుతాడు. నేను మొదట చెప్పింది గుడ్డతో తుడిచేస్తాడు. మళ్లీ ముంచి, రెండోసారి చెప్పింది నమ్ముతాడు. మనుషుల పద్ధతి అది. మొదటిసారే వినడం వాళ్లకు చేతకాదు.

హోసూరు దగ్గర ఒక రేకుల షెడ్డులో పుట్టాను. చుట్టలు చుట్టిన ఉక్కు రేకుని కోసి, సాగదీసి, ప్రెస్సు కింద పెట్టి గీతలు వేస్తారు. నాకు గీతలు వేసినామె పేరు శెల్వి. ఏ బద్దకైనా గీత వెంట్రుకవాసి పక్కకి పడితే వెనక్కి చూడకుండా చెత్తబుట్టలోకి విసిరేది. నన్ను విసరలేదు. నా గీతలు సరిగ్గా ఉన్నాయి. అది గొప్ప అనుకున్నాను. సరిగ్గా ఉన్నంత మాత్రాన ఎవరైనా వింటారని ఎక్కడా లేదని తర్వాత తెలిసింది.

నన్నొక ఇంజనులో దించారు. చీకటి, వేడి, నూనె. ఇంజను ఆడుతున్నంతసేపూ నేను వణుకుతాను. ఆగితే ఇంకో పావుగంట వేడి పొంగుతూనే ఉంటుంది. స్థిమితం అనేది నేను పుట్టిన దగ్గర్నుంచీ ఎరగను. అయితే బానెట్ కింద ఉన్నవాడికి చెవులు బాగా పనిచేస్తాయి. నాకు తెలిసిందంతా విన్నదే.

నా కారుని కొన్నది కందుకూరు హైమావతి. ముప్పై నాలుగేళ్లు. ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని మానేసి, ఆడవాళ్లకు కారు తోలడం నేర్పే స్కూలు పెట్టింది. స్కూలంటే ఈ ఒక్క కారే. ఇది నడిస్తే ఆమె నడుస్తుంది, ఇది ఆగితే ఆమెకి మళ్లీ ఆ ఆఫీసు కుర్చీయే. ఆమె భర్త నెల్లూరులో ఉద్యోగం చేస్తాడు, ఆదివారాలు వస్తాడు. ఈ సంగతిలో అతనికి ఇంతకు మించి చోటు లేదు. ఇంట్లో ఆమెతో పాటు ఉండేది తండ్రి కోటిలింగం.

కారు చేతికిచ్చేటప్పుడు షోరూం కుర్రవాడు గడగడా అప్పజెప్పాడు.

"పదివేల కిలోమీటర్ల దాకా ఆయిల్ మార్చే పనే లేదు మేడం. మధ్యలో బయట ఎక్కడా బానెట్ ఎత్తించొద్దు. ఎత్తించారంటే ఇంజను మీద వారంటీ పోద్ది."

"గంటలెన్ని?" అన్నాడు కోటిలింగం.

"ఏంటి సార్?"

"ఆయిల్. ఎన్ని గంటలకి మార్చాలి అంటన్నా."

కుర్రవాడు నవ్వాడు. "ఇది ట్రాక్టర్ కాదు సార్."

"తెలుసులే. ట్రాక్టరైతే నీ చేత అమ్మించేవాళ్లు కాదు."

"నాన్నా, నువ్వు కాసేపు నోరు మూసుకో," అంది హైమ. ఆ మాట ఆమె అలవాటుగా అంది. ఎన్ని ఏళ్ల అలవాటో నాకు అప్పటికి తెలియదు.

కోటిలింగం ముప్పై ఏళ్లు ట్రాక్టరు తోలాడు. ట్రాక్టరు దూరాలు పోదు. ఒక్క పొలం చెక్కలోనే పొద్దస్తమానం తిరుగుతుంది. అందుకని దాని వయసు గంటల్లో చూస్తారు. రెండొందల యాభై గంటలు ఆడిందంటే ఆయిల్ మార్చాలి. మీటరు చెడిపోయాక ఆయన చేతి గడియారం చూసి కొట్టం గోడ మీద సుద్దతో గీతలు గీసుకునేవాడట. ఆ ట్రాక్టరు ఇరవై రెండేళ్లు ఇంజను విప్పకుండా ఆడింది. చివరి ఏళ్లలో అది ముసలిదై ఆయిల్ తాగేది. రోజూ పొద్దున్నే ఒక గ్లాసు పోస్తే తప్ప కదిలేది కాదు. ఈ కథ ఆయన ఎవరికి చెప్పినా మధ్యలో వినేవాడిని ఒక తిట్టు తిట్టి చెబుతాడు. అందువల్ల చివరిదాకా విన్నవాళ్లు తక్కువ.

హైమ నేర్పే చోటు ఊరి చివర పొగాకు గోడౌను ఆవరణ. వేలంపాటలు లేని నెలల్లో అది ఖాళీ. పొద్దున ఆరింటికి మొదలైతే మధ్యాహ్నం అన్నం వేళ తప్ప సాయంత్రం దాకా ఎవరో ఒకరు నేర్చుకోవడానికి వస్తూనే ఉండేవాళ్లు. మొదటి గేరు, సగం క్లచ్చు, పది గజాలు, బ్రేకు. మళ్లీ మొదటి గేరు. ఆపి పాఠం చెప్పేటప్పుడు కూడా ఏసీ కోసం ఇంజను ఆడుతూనే ఉండేది. నర్సు రాహేలమ్మ ఎడం కాలు క్లచ్చు మీద నుంచి తీయడమంటే ప్రాణం తీసినట్టు గిలగిల్లాడేది. పద్మాక్షి టీచరు కారుని పిల్లల్ని కసిరినట్టు కసిరేది. "ఏయ్, నిలబడు! నిలబడమంటే నీకు కాదూ!" కారు నిలబడేది, ఇంజను ఆగిపోయి.

మధ్యలో ఖాళీలు పోను రోజుకి ఆరు గంటలు ఆడేవాళ్లం. కిలోమీటర్ల మీటరు మాత్రం నిద్రపోయేది. చక్రం కదిలితే కదా దానికి మెలకువ. నెల తిరిగేసరికి ఆయిల్ రంగు మారింది. రెండో నెలకి నల్లబడింది. వాసన మారింది. నా ఒంటికి పట్టే పొర పలచగా, జిగురు లేకుండా, మసినీళ్లలా ఉండేది. చెప్పాలని నాకుంది. లాగి చూసేవాళ్లు ఉండాలిగా.

లాగి చూసింది కోటిలింగం. ఆయన రోజూ గోడౌను అరుగు మీద కూర్చుని గడియారం చూసేవాడు. అక్కడి గోడ మీద కూడా సుద్ద గీతలు మొదలుపెట్టాడు. ఒకరోజు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగా, బానెట్ ఎత్తి నన్ను బయటికి తీశాడు. కండువా కొంగుతో తుడిచి ముంచి చూశాడు. మట్టం సరిగ్గానే ఉంది. రెండు వేళ్ల మధ్య ఆయిల్ రాసి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నా బతుకులో నేను చెప్పింది పూర్తిగా చదివిన మొదటి మనిషి ఆయనే.

"ఏమ్మాయ్, ఇటురా," అన్నాడు. "రెండొందల యాభై దాటి నాలుగు రోజులైంది. ఆయిల్ మార్పించు."

హైమ మీటరు చూసింది. "రెండువేల మూడొందలే తిరిగింది నాన్నా. పదివేలకి మార్చాలి."

"మీటరు చక్రాన్ని లెక్కేసుద్ది. ఇంజను తిరిగింది దానికేం తెలుసు? పొద్దస్తమానం గానుగెద్దులా ఇక్కడే తిప్పుతున్నావు."

"కారుతో ఇచ్చిన పుస్తకంలో రాశారు."

"ఆ రాసినోడు మీ రాహేలమ్మ క్లచ్చు తొక్కడం చూశాడా?"

"మధ్యలో నా జోలికెందుకు బాబాయ్?" అంది రాహేలమ్మ. "నా మానాన నేను ప్రార్థన చేసుకుంటా కూర్చున్నా."

"నువ్వు ప్రార్థన చేసుకో. ఇంజనుకి కూడా అదే దిక్కు."

ఆడవాళ్లు నవ్వారు. హైమ నవ్వలేదు. నేర్చుకునేవాళ్ల ముందు తండ్రి తనని ఏమీ తెలియనిదాన్ని చేసి మాట్లాడుతున్నాడు. "బయట మార్పిస్తే వారంటీ పోద్ది నాన్నా. ఇదొక్కటే కారు. దీనికేమన్నా అయితే నేనెక్కడికి పోవాలి?"

"అదే చెప్తన్నా. ఏమన్నా అయ్యేదాకా ఆగుతావా? నీకు బుర్ర లేదు, చెప్తే వినే గుణం లేదు."

"నాకు బుర్ర లేదు సరే." ఆమె గొంతు తగ్గింది. తగ్గిన గొంతు పెద్ద గొంతు కంటే బాగా వినపడుతుంది. "ట్రాక్టరుకి రెండొందల యాభై గంటలకోసారి ఆయిల్ మార్చావు. ఒక్కసారి కూడా తప్పలేదు. అమ్మకి షుగరు పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించావు?"

కోటిలింగం నన్ను చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. నా మీది ఆయిల్ ఆయన కాలి మీద కారుతున్నా చూసుకోలేదు.

ఆయన భార్య పేరు పేరమ్మ. ఆమెకి షుగరు ఉందని తెలిసి కూడా మూడేళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లలేదు. "తిరుగుతూనే ఉందిగా, ఏమైంది?" అనేవాడట ఈయన. పాదం మీద పుండు పడి, మోకాలి దాకా నల్లబడ్డాక తీసుకెళ్లాడు. అప్పటికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు, ఆమె దక్కలేదు. ఈ మాటలు ఆ సాయంత్రం రాహేలమ్మ, పద్మాక్షి టీచరు ముందు సీట్లలో కూర్చుని గుసగుసగా చెప్పుకున్నారు. ఆయన్ని నేను సమర్థించను. గీత తప్పినదాన్ని శెల్వి ఏం చేసేదో నాకు తెలుసు.

ఆయన నన్ను లోపలికి తోసి బానెట్ వేశాడు. ఆ రోజు నుంచి ఆయిల్ మాట ఎత్తలేదు. తిట్టడం కూడా మానేశాడు. హైమ గెలిచాననుకుంది. ఆ గెలుపు ఆమెకి రుచించలేదని బ్రేకు తొక్కే తీరులో తెలిసేది. చెప్పేటప్పుడు మాట తెగిపోయేది. ఒక్కోసారి కారాపి ఊరికే కూర్చునేది, ఇంజను ఆడిస్తూ.

ఇంకో రెండు నెలలు అలాగే గడిచాయి. సుద్ద గీతలు మాత్రం ఆగలేదు. మూడు వారాల్లో ఒక సోమవారం ఆరుగురు ఆడవాళ్లకు లైసెన్సు పరీక్ష ఖాయమైంది. స్కూలు పెట్టాక ఇదే మొదటి పరీక్ష. వీళ్లు గట్టెక్కితే పేరు వస్తుంది, తర్వాతి బ్యాచి వస్తుంది. కారు ముక్కింది, మూలిగింది, అయినా ఆడింది.

కోటిలింగానికి నిద్ర పట్టేది కాదేమో. మారుస్తానంటే కూతురు ఒప్పుకోదు. ఊరుకుందామంటే గోడ మీది గీతలు ఒప్పుకోవు. అప్పుడాయనకి ఒక ఆలోచన తట్టింది. అలాంటి ఆలోచన ఆయనకే రావాలి. మధ్యాహ్నం హైమ అన్నానికి ఇంటికి పోయినప్పుడు కారు దగ్గర కాపలా ఆయనే. గోనెసంచిలో కొత్త ఆయిల్ డబ్బా, ఒక చిన్న స్టీలు టీ గ్లాసు తెచ్చాడు. పాత ఆయిల్ తియ్యకుండానే దాని మీద ఒక గ్లాసు కొత్తది పోశాడు. పలచబడిన చారులో ఇంకాస్త చింతపండు పిసికినట్టు. మర్నాడు ఇంకో గ్లాసు. రోజూ ఒకటి.

నా పై గీత మూడో రోజుకే మునిగింది. ఆయన చూశాడు. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూశాడు. "తాగుద్దిలే," అన్నాడు.

తాగదు. కొత్త ఇంజను తాగదు. ముసలి ట్రాక్టరు ఇరవై రెండో ఏట తాగింది కాబట్టి నాలుగు నెలల కారు కూడా తాగుతుందనుకున్నాడు. ఆయనే, నేను చెప్పింది చదవగలిగిన ఒకే ఒక్క మనిషి, నా ఒంటి మీద రాసి ఉన్నది చదివి కూడా నమ్మలేదు. దానికి నాకు మంట. చదవడం రానివాడి మీద నాకు ఎప్పుడూ కోపం లేదు.

పది రోజులు. పదిహేను. పదహారు. లోపల తిరిగే ఇరుసు ఆయిల్లో మునిగి దాన్ని చిలకడం మొదలుపెట్టింది. నురగ వచ్చింది. ఊపిరాడని చోట గాలి పోవడానికి దారి వెతుక్కుంటుంది. దానికి దొరికిన దారి నేను నిలబడ్డ గొట్టం.

శనివారం పొద్దున, పరీక్షకి ముందు చివరి సాధన. గోడౌను వదిలి మొదటిసారి రోడ్డెక్కారు. పద్మాక్షి టీచరు స్టీరింగు దగ్గర, పక్కన హైమ, వెనక రాహేలమ్మ. వంతెన ఎక్కుతుంటే టీచరు రెండో గేర్లోనే ఉంచి యాక్సిలరేటరు మీద నిలబడింది. నా అడుగున ఏదో తన్నింది. రింగుతో సహా గొట్టంలోంచి ఎగిరి బానెట్ కప్పుకి తగిలాను. నా వెనకాలే ఆయిల్ చిమ్మింది. కాలే గొట్టాల మీద పడి పొగై లేచింది.

"కారు తగలబడుతోందే!" రాహేలమ్మ అరుపు.

"ఏయ్, ఆగు! ఆగు!" టీచరు కారుని కసిరింది.

ఆపింది హైమ. నేర్పేవాళ్లకని తన వైపు పెట్టించుకున్న బ్రేకు ఒక్క తొక్కు తొక్కి, చెయ్యి చాపి తాళంచెవి తిప్పేసింది. ఇద్దర్నీ దింపింది. అప్పుడు ఆమె ఏడవలేదు. వంతెన రెయిలింగు పట్టుకుని, "సోమవారం," అంది. అంతే. "సోమవారం."

లాగుడు బండి వచ్చి కారుని ఒంగోలు సర్వీసు సెంటరుకి చేర్చింది. రాహేలమ్మ ఫోను చేస్తే కోటిలింగం ఆటో మాట్లాడుకుని వెనకాలే వచ్చాడు. అక్కడ ఫోర్‌మన్ ఇనాయతుల్లా అని ఒక పెద్దాయన, మాట తక్కువ మనిషి. బానెట్ ఎత్తి, రింగు పగిలి వైర్ల మధ్య ఇరుక్కున్న నన్ను ఏరాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. కింద బోల్టు విప్పి ఆయిల్ డబ్బాలోకి వదిలాడు. అది కారడం చాలాసేపటికి గానీ ఆగలేదు.

"పట్టేది మూడున్నర లీటర్లు మేడం. ఇందులోంచి ఐదు దిగింది, చిమ్మింది కాక. ఎవరు పోశారు?"

"ఎవరూ పొయ్యలేదు," అంది హైమ. "బయట ఎక్కడా బానెట్ ఎత్తించలేదు. పుస్తకంలో ఎలా ఉంటే అలా చేశాను. కావాలంటే ఎక్కడైనా ప్రమాణం చేస్తా."

"చెయ్యమాక," అన్నాడు కోటిలింగం. "నేను పోశాను."

హైమ తిరిగి చూసింది.

"రోజుకో గ్లాసు. పదహారు రోజులు. తాగుద్దనుకున్నా." ఆయన ఎవరి మొహమూ చూడటం లేదు. నేలమీద ఆయిల్ మరకని చూస్తున్నాడు. "మార్చమంటే నువ్వు మార్చలేదని పోశాను. తప్పు నీది కాదు, నాది. రాసుకోండయ్యా."

"వారంటీ పోద్దని తెలిసే పోశావా?" అంది హైమ.

"తెలిసే."

"నా స్కూలు, నాన్నా."

"ఊఁ."

ఆమె ఇనాయతుల్లా వైపు తిరిగింది. తనని తిట్టి ఉంటే బాగుండేదని ఆయన నిలబడ్డ తీరు చూస్తే తెలిసింది.

ఇనాయతుల్లా డబ్బాలో వేలు ముంచి దీపం కింద పెట్టి చూశాడు. "పెద్దాయన ఎక్కువ పోశాడు, అది తప్పే. కానీ మేడం, ఉన్న ఆయిల్ కూడా చచ్చిపోయి చాలా రోజులైంది. ఈ కొత్తది కలవకపోయి ఉంటే ఏం జరిగేదో చెప్పలేను, కలిసినందుకు ఏం జరిగిందో చూస్తూనే ఉన్నారు. డ్రైవింగ్ స్కూలు బండా?"

"అవును."

"పుస్తకం చివర చదవలేదా?" కారు అరలోంచి పుస్తకం తీసి ఆఖరి పేజీ తిప్పాడు. చీమల బారులా అచ్చేసిన అక్షరాలు. ఆగి ఆగి నడిచేవాటికి, నిలబెట్టి ఎక్కువసేపు ఇంజను ఆడించేవాటికి, తోలడం నేర్పేవాటికి సగం దూరానికే మార్చాలని ఉంది. "ఇది కూడా కొందరికి ఎక్కువే. అమ్మేటప్పుడు ఈ పేజీ ఎవరూ చదివి వినిపించరు."

ఇంజను లోపల చూశాడు. ఆమె వెంటనే తాళంచెవి తిప్పేసినందువల్ల లోపల ఏదీ గీసుకుపోలేదని చెప్పాడు. కడిగి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోస్తే సాయంత్రానికి నడుస్తుంది. సోమవారం పరీక్షకి వెళ్లొచ్చు. వారంటీ కార్డు మీద మాత్రం ఇంజను అన్న వరస అడ్డంగా కొట్టేశాడు. పెన్ను రెండుసార్లు తిప్పాడు. ఆయన్ని తప్పు పట్టను. గీత అంటే గీతే.

నా రింగు పగిలింది, నడుం వంగింది. నన్ను మూల ఉన్న ఇనప డ్రమ్ములో పడేశాడు. పాత ఫిల్టర్లు, అరిగిన బ్రేకు ముక్కలు, కాలిన ప్లగ్గుల మీద పడ్డాను. నా చోట కొత్త బద్ద దిగింది. చప్పుడు విన్నాను.

సాయంత్రం దాకా తండ్రీ కూతుళ్లు నా డ్రమ్ము పక్కనే బల్ల మీద, ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత ఎడం వదిలి కూర్చున్నారు. వారంటీ పోయింది కాబట్టి ఇక షోరూం మాట లేదు. పుస్తకం రెండు మాటలు చెప్పింది కాబట్టి దాని మాటా లేదు. ఇక ఎప్పుడు మార్చాలన్నది ఆమే తేల్చుకోవాలి.

"ఎన్ని గంటలు?" అంది హైమ.

ఆయన కండువా తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"నిన్నే నాన్నా. ఎన్ని గంటలకి మార్పించాలి?"

"నన్నడక్కు. నేను చెప్పాల్సింది చెప్పి, చెయ్యకూడనిది చేశా."

"అమ్మ విషయంలో నిన్ను వదిలిపెట్టలేదు. వదలను కూడా. ఇది ఇంజను. దీని సంగతి నీకు తెలుసు. చెప్పు."

మడత ఒళ్లో పెట్టుకుని, "రెండొందలు," అన్నాడు.

"రెండొందల యాభై అన్నావుగా?"

"అది ట్రాక్టరు, తోలేవాడు తెలిసినోడు. ఇది నేర్చుకునేవాళ్ల చేతిలో బండి. రెండొందలు."

"కొలిచేది నువ్వు. పోసేది వీళ్లు. గ్లాసు నాకు కనపడకూడదు."

"కనపడదు."

ఆమె లేచి ఇనాయతుల్లా బల్ల దగ్గరికి వెళ్లింది. "తర్వాతి సర్వీసు రాసుకోండి. రెండొందల గంటలకి."

"మా కంప్యూటర్లో గంటలకి చోటు లేదు మేడం. కిలోమీటర్లే పడతాయి."

"అయితే చేత్తో రాయండి."

కాగితం చప్పుడు, పెన్ను చప్పుడు వినపడ్డాయి. ఇంజను స్టార్టయింది. అరుపు లేకుండా మెత్తగా ఆడింది. గేటు దాటేదాకా విన్నాను, తర్వాత రోడ్డు చప్పుడులో కలిసిపోయింది. ఆ కాగితం వాళ్లింట్లో ఎన్నాళ్లు ఉంటుందో, రెండొందలూ నిండేనాటికి వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూ ఉంటారో లేదో నాకు తెలియదు. ఇక్కడ వేడి లేదు, వణుకు లేదు. పక్కన ప్లగ్గులన్నీ హాయిగా పడుకున్నాయి. నాకు ఆ హాయి పట్టడం లేదు.